వద్దన్న ముప్పై వేలిముద్రలు

94వ రోజు

సున్నం డబ్బాలు నాలుగూ మార్చాను. మేం వదిలే చెడ్డ గాలిని పీల్చుకునేవి అవే. రోజూ పొద్దున్నే నా మొదటి పని అది. తేమ అరవై రెండు. నిన్న ఉతికిన బట్టలు ఇంకా ఆరలేదు.

ఇది గాలి గది పుస్తకం. ఇందులో రీడింగులు తప్ప ఏమీ రాయకూడదు. కానీ ఇవాళ వచ్చిన సంగతి ఎక్కడ రాయాలో తెలియక ఇందులోనే రాస్తున్నాను.

పైకి వెళ్ళే పెద్ద కేబుల్ తెగి తొమ్మిది రోజులైంది. పైన సముద్రం శాంతించేదాకా రిపేరు ఓడ రాదు. నాలుగు వందల మీటర్ల లోతున, ఈ గనిలో ముప్పై ఒక్కమందిమి. మాకు మిగిలింది నీటి ఫోన్ ఒక్కటే. అది మాటల్ని శబ్దంగా మార్చి నీళ్ళలోంచి పంపుతుంది, ఒక్కోసారికి నలభై అక్షరాలు. ఇవాళ దాని మీద అరవై ఏడు ముక్కలుగా ఒక నోటీసు దిగింది. మధ్యాహ్నం దాకా కూర్చుని ముక్కలన్నీ వరసగా కాగితం మీద ఎక్కించాను.

సారాంశం ఇది. ఇన్నాళ్ళూ మాకున్న మూడు రిటైర్మెంట్ ఖాతాలనీ కంపెనీ కలిపేసి ఒకటే ఖాతా చేస్తుంది. వద్దనేవాళ్ళు రాసివ్వాలి. గడువు, మా లెక్కలో 106వ రోజు సాయంత్రం ఐదు గంటలు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే.

నేను ఇరవై నాలుగేళ్ళుగా ఈ కంపెనీలో గాలి చూస్తున్నాను. జీతం చీటీలో కింద మూడు వరసలు ప్రతి నెలా కనిపిస్తాయి. ఏది ఏమిటని గరికిన నూకరత్నం అనే నేను ఏనాడూ అడగలేదు.

95వ రోజు

భోజనాల దగ్గర నోటీసు చదివి వినిపించాను. హీలియం కలిసిన గాలిలో మా గొంతులన్నీ సన్నగా కీచుమంటాయి. దాంతో ఎంత పెద్ద విషయం చదివినా మొదట నవ్వే వస్తుంది. ఇవాళ కూడా నవ్వారు. "జవాబు లేకపోతే ఒప్పుకున్నట్టే" దగ్గర ఆగిపోయారు.

"ఒకటే ఖాతా అంటే మంచిదే కదా, తలనొప్పి తగ్గుద్ది," అన్నాడు ఎర్రయ్య. డ్రిల్లింగ్ చేస్తాడు, ముగ్గురు పిల్లలు.

నర్సు ముంతాజ్ గరిటె పక్కన పెట్టింది. ఆమె తన ఫైల్లో ఖాతాల పుస్తకం దాచుకున్న ఒకే ఒక మనిషి.

"ముందు మనకి ఏమున్నాయో తెలుసుకోండి. మొదటిది కోత ఖాతా. జీతంలోంచి ప్రతి నెలా కోస్తారు. మనమెంత వేస్తే కంపెనీ అంత వేస్తుంది. అరవై నిండేదాకా ముట్టుకోలేం. తీసుకున్నప్పుడు పన్ను కడతాం. రెండోది సొంత ఖాతా. చేతికొచ్చిన జీతంలోంచి మనకి మనమే వేసుకునేది. పన్ను ముందే కట్టేశాం, అందుకని తర్వాత ఉండదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. నీ దాంట్లో ఎంతుంది రత్నమ్మక్కా?"

"ఏమీ లేదు," అన్నాను. సగంమంది తలలు దించుకున్నారు. వాళ్ళ సంగతీ అదే.

"మూడోది జీవితకాల పెన్షన్. అరవై నుంచి కన్నుమూసేదాకా నెలనెలా వస్తుంది. మార్కెట్ పడినా లేచినా దానికి సంబంధం లేదు. మనిషితోనే ఆగిపోతుంది. భార్యకో భర్తకో సగం ఇస్తారు. ఇంకెవరికీ పైసా రాదు."

"మరి దీన్ని ఇప్పుడెందుకు పీకెయ్యడం?" అని అడిగాడు అప్పలకొండ. వెల్డర్, యాభై ఎనిమిదేళ్ళు. మా అందరికంటే పాతవాడు. నేను కొండన్నా అంటాను.

ముంతాజ్ తన ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. "దీనివల్ల."

మా అందరి ఊపిరితిత్తుల్లోనూ పూత ఉంది. ఇంత ఒత్తిడిలో పనిచేయడానికి పదేళ్ళ కింద కంపెనీయే వేయించింది. పూత పడ్డవాళ్ళకి ఆయుష్షు పెరుగుతోందని తర్వాత తేలింది. పెన్షన్ మాటిచ్చిన రోజుల్లో లోతు పనివాళ్ళు అరవై ఐదు దాటితే గొప్ప. ఇప్పుడు నూట ఐదు అంటున్నారు డాక్టర్లు.

నా పెన్షన్ నెలకి నలభై రెండు వేలు. దానికి బదులు కొత్త ఖాతాలో వేస్తామంటున్నది యాభై ఐదు లక్షలు. అది మార్కెట్‌తో పాటు పెరుగుతుంది, తరుగుతుంది. ముంతాజ్ పెన్సిల్‌తో లెక్కగట్టింది. అంతే మొత్తం నెలనెలా తీసుకుంటే పదకొండేళ్ళు కూడా రాదు.

"డెబ్భై ఒకటికి డబ్బు అయిపోద్ది," అన్నాడు ఎర్రయ్య నెమ్మదిగా. "మనిషి అయిపోడు."

ఎవరూ నవ్వలేదు.

96వ రోజు

తేమ అరవై మూడు. మూడో ఫ్యాన్ బెల్టు అరుస్తోంది, నూనె వేశాను.

నీటి ఫోన్‌లో ఒడ్డు ఆఫీసుని అడిగాను: ఫోన్ మీద వద్దంటే సరిపోతుందా? అక్కడ ఖాతాల గుమస్తా హేమలత అని ఒకామె. జవాబు గంట తర్వాత వచ్చింది.

"చెల్లదు. సిరా వేలిముద్ర, అసలు కాగితం."

కేబుల్ తెగింది, మేం లోపలున్నాం, కాగితం ఎలా పంపాలి? అదే అడిగాను. ఈసారి రెండు ముక్కలు వచ్చాయి.

"తెలుసు. రాసి చూశాను. పైవాళ్ళు కుదరదన్నారు."

"మా ఆఫీసువాళ్ళకి వద్దనే ఫారమే ఇవ్వలేదు."

రెండో ముక్క ఆమె ఎందుకు పంపిందో. నేను అడగలేదు.

కాగితం పైకి వెళ్ళాలంటే లిఫ్టే దారి. రోగుల కోసం ఉంచిన, ఒకరు పట్టే ఇనప గది, తీగ పట్టుకుని ఎక్కుతుంది; షిఫ్టు మారేటప్పుడు అందరినీ తీసుకెళ్ళే పెద్ద గదిని ఓడ వచ్చి దించాలి. ఒత్తిడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోవాలి, లేకపోతే ఒంట్లో రక్తం నురగ కడుతుంది. అందుకే నాలుగు వందల మీటర్లకి తొమ్మిది రోజులు.

గని ఇన్‌చార్జి ప్రభంజన్ గారి దగ్గరికి వెళ్ళాను.

"రోగి ఉంటే తప్ప లిఫ్ట్ కదలదు రత్నం గారూ. నేను ఉత్తినే పంపితే నా ఉద్యోగం ఉండదు."

"మీ పెన్షన్ కూడా పోతుంది కదా సార్."

"పోతుంది," అన్నారు. చేతిలో కలం మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ ఉన్నారు. "రోగి ఉంటే చెప్పండి. అబద్ధపు రోగి వద్దు."

ఎర్రయ్య ముంతాజ్ మీదికి వెళ్ళాడు, ఎవరికో ఒకరికి జబ్బని రాసెయ్యమని. ఆమె ఒప్పుకోలేదు. "నా సంతకానికి విలువ ఉండబట్టే మీకు నిజంగా జబ్బు చేసినప్పుడు లిఫ్ట్ కదులుతోంది," అంది. మాటా మాటా పెరిగింది. ఎర్రయ్య పళ్ళెం విసిరి వెళ్ళిపోయాడు.

రేపు ఉదయం ఆరు గంటలకి లిఫ్ట్ కదిలితే 106వ రోజు ఉదయం ఆరింటికి పైన తేలుతుంది. అక్కణ్ణించి పడవలో ఒడ్డుకి రెండున్నర గంటలు. రేపు దాటితే లేదు.

సాయంత్రం కొండన్న గాలి గదికి వచ్చి తలుపు వేశాడు. జేబులోంచి రుమాలు తీసి నా బల్ల మీద పరిచాడు. దాని మీద వెండి పొట్టులాంటిది, మధ్యలో ఎర్రగా చారలు.

"నెల్లాళ్ళ నుంచి దగ్గితే ఇదే పడతంది," అన్నాడు. "పూత రాలిపోతంది రత్నం. సెప్తే మరి లోపలికి పంపరని సెప్పలేదు."

నాకు కోపం ఆగలేదు. "నేను నీకు గాలి ఇచ్చేదాన్ని! నీ ఊపిరితిత్తులు పాడైతే నాకు చెప్పొద్దా?"

"ఇప్పుడు సెప్పినాను కదా. ముంతాజమ్మని పిలు. రోగి దొరికాడని సెప్పు."

97వ రోజు

ముంతాజ్ తెల్లవారుజామున నాలుగింటికే ఎక్స్‌రే తీసి చూసింది. ఎడమ ఊపిరితిత్తిలో పూత సగం లేదు. కుడివైపు మొదలైంది. ఆమె ఉన్నదున్నట్టు రాసింది. ప్రభంజన్ గారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

ఐదింటికి అందరూ భోజనాల గదిలో వరస కట్టారు. ముంతాజ్ చేత్తో రాసిన ఫారాలు, పక్కన వెల్డింగ్ గుర్తులు పెట్టే సిరా సీసా. ఒక్కొక్కళ్ళు బొటనవేలు ముంచి వేశారు. ఆఖర్న ప్రభంజన్ గారు వచ్చారు. ఎవరి వైపూ చూడకుండా వేలు ముంచారు. నేను లెక్కపెట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టాను. ముప్పై.

లిఫ్ట్ తలుపు దగ్గర కొండన్నని అడిగాను. "నీ కాగితమేదీ?"

"నాది లేదు."

"సిరా ఉంది, ఇప్పుడైనా వెయ్యి."

"ఒసే రత్నం, ఆ పెన్షన్ నేను బతికినన్నాళ్ళేనంట కదా. ఎన్నాళ్ళు బతుకుతాను నేను? ముంతాజమ్మ మొకం సూసినావా?" గొంతు తగ్గించాడు. "పెళ్ళాం పోయి పన్నెండేళ్ళయింది. ఇంట్లో ఉన్నది మా సెల్లి సిన్నమ్ములు. దానికి సూపు లేదు. సెల్లికి సగం పెన్షన్ ఇత్తారా? ఇవ్వరు. కలిపేసిన ఖాతా ఐతే నా తర్వాత దానికొత్తాది. మీకు నట్టమైంది నాకు లాభం."

జవాబివ్వకుండా పడుకుంటే చాలు, అతనికి కావలసింది అతనికి వస్తుంది. మా కోసం ఈ రోగంతో తొమ్మిది రోజులు ఇనప డబ్బాలో వెళ్తున్నాడు.

"అలగ సూడకు," అన్నాడు. "ఎలాగూ ఆసుపత్రికి పోవాలి కదా."

ఆరింటికి చక్రం తిప్పాను. లిఫ్ట్ కదిలింది.

100వ రోజు

లిఫ్ట్ రెండు వందల డెబ్భై మీటర్ల దగ్గర ఉంది. దాని ఒత్తిడి, వేగం రెండూ నా చేతి కిందే ఉన్నాయి. తీగలోంచి ఫోన్ ఉంది. గంటకోసారి మాట్లాడుతున్నాను.

"ఏం చేస్తున్నావు?"

"సంచి మీద తల పెట్టుకుని పడుకున్నాను. ముప్పైమంది ఏళ్ళు నెత్తికింద గుచ్చుకుంటన్నాయి."

దగ్గు ఎక్కువైంది. ముంతాజ్ ఇచ్చిన మందులు వేళకి వేసుకుంటున్నానంటాడు. నమ్మడం తప్ప చేసేదేముంది.

102వ రోజు

ఇవాళ జరిగింది రాయాలి.

పొద్దున్న పదకొండింటికి ఫోన్ తీస్తే మాట రాలేదు. గురగుర శబ్దం. తర్వాత, "నోట్లోంచి... ఆగట్లేదు." ముంతాజ్ పరుగెత్తుకొచ్చింది. ఊపిరి ఎలా ఉంది, రంగు ఎలా ఉంది, ఎంత పడింది అని ఆమె అడుగుతుంటే అతను ఒక్కో మాటే చెప్పాడు.

"ఒత్తిడి తగ్గేకొద్దీ గాయం తెరుచుకుంటోంది," అంది నాతో. "ఆపు. ఇరవై మీటర్లు వెనక్కి దించి, అక్కడి ఒత్తిడికి తీసుకెళ్ళు. నెత్తురు గడ్డకట్టేదాకా అక్కడే ఉంచాలి."

"ఎంతసేపు?"

"మళ్ళీ ఇక్కడికి వచ్చేసరికి పది గంటలు పోతాయి. తక్కువైతే నేను మాటివ్వలేను."

పది గంటలు. ఆరింటికి తేలాల్సింది సాయంత్రం నాలుగింటికి తేలుతుంది. ఒడ్డుకి చేరేసరికి ఆరున్నర.

ఈలోగా గుమ్మంలో పదిమంది చేరారు. ఎర్రయ్య ముందున్నాడు. "ఆపకుండా ఏగం తగ్గించలేవా? కొంచెం... కొంచెంగానైనా పోనీ."

"తగ్గించినా గాయం తెరుచుకుంటూనే ఉంటుంది," అంది ముంతాజ్.

"నాకు ముగ్గురు పిల్లలు రత్నమ్మా," అన్నాడు ఎర్రయ్య. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ముప్పైమంది నలభయ్యేసి ఏళ్ళు."

ఫోన్లో కొండన్న విన్నాడు. "ఆపకు," అన్నాడు. "రత్నం, నేను సెప్తన్నాను. ఆపకు. మోసుకెళ్ళేది దేనికి మరి?"

ప్రభంజన్ గారు వెనక నిలబడ్డారు. ఆయన ఆజ్ఞ ఇస్తే నాకు తేలికయ్యేది. ఆయన కలం మూత తీసి పెడుతూ ఉండిపోయారు.

నాకు ఆ క్షణంలో లెక్కలేవీ గుర్తు రాలేదు. గాలి చూసేదాన్ని. నా గొట్టానికి అవతల ఒక మనిషి ఊపిరి ఆడక కొట్టుకుంటున్నాడు. చక్రం వెనక్కి తిప్పాను.

కొండన్న ఫోన్లో బూతులు తిట్టాడు. తిట్టే ఓపిక ఉన్నందుకు ముంతాజ్ కళ్ళు తుడుచుకుంది. గుమ్మంలోవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నాలుగు గంటలకి నెత్తురు ఆగింది. రాత్రి తొమ్మిదింటికి లిఫ్ట్ మళ్ళీ ఎప్పటి చోటికి వచ్చి పైకి కదిలింది.

భోజనాలప్పుడు నా బల్ల దగ్గర నేనొక్కదాన్నే.

103వ రోజు

సున్నం డబ్బాలు మార్చాను. ఎర్రయ్య ఎదురుపడి పక్కకి తిరిగి పోయాడు.

హేమలతకి నీటి ఫోన్‌లో కబురు పంపాను. "లిఫ్ట్ 4కి తేలుతుంది. ఒడ్డుకి 6:30."

జవాబు లేదు. అరగంట ఆగి ఇంకొకటి పంపాను. రాత్రంతా బుర్రలో తిరిగిన ప్రశ్న అది. "అందినట్టు ముద్ర మీ ఆఫీసులోనే వెయ్యాలా?"

సాయంత్రం వచ్చింది. "రూల్లో చోటు రాయలేదు. గుమస్తా ముద్ర, టైము."

వెంటనే పంపాను. "రోగి కోసం పడవ వస్తుంది. మీరు రాగలరా?"

ఇక జవాబు రాలేదు.

105వ రోజు

నీటి ఫోన్ నిశ్శబ్దం. మూడుసార్లు పంపాను. ప్రభంజన్ గారు వచ్చి చూసి, "ఆవిడ ఉద్యోగం కూడా ఉద్యోగమే కదా," అన్నారు. నిజమే. ఊరూ పేరూ తెలియని ముప్పైమంది కోసం ఆమె అలల మీద ఎందుకు రావాలి?

కొండన్న గొంతు బాగా నీరసించింది. అలల ఊపు లిఫ్ట్‌కి తగులుతోందట. వాంతులు. "సంచి తడవకుండా సొక్కా లోపల కట్టుకున్నాను," అన్నాడు.

106వ రోజు

నాలుగింటికి తేలాల్సింది. అలల వల్ల ఆఖరి పది మీటర్లు నెమ్మదిగా వదలాల్సి వచ్చింది. నాలుగూ పదికి తేలింది. తలుపు తెరుచుకున్నట్టు దీపం వెలిగింది. దాంతో తీగ ఫోన్ తెగిపోయింది. అంతే, పడవ రేడియోలో చెప్పింది ఒడ్డువాళ్ళు మాకు పంపితే తప్ప ఇక పైన ఏం జరుగుతోందో తెలిసే దారి లేదు.

నాలుగున్నరకి ఒక్కొక్కళ్ళే గాలి గదికి రావడం మొదలుపెట్టారు. ఎవరూ పిలవలేదు. ఐదయింది. గడియారం వైపు చూసి ఎవరో కుర్చీలో కూలబడ్డారు. ఐదుంపావు. ముంతాజ్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. నేను డబ్బాల రీడింగు రాశాను, తప్పు రాసి కొట్టేసి మళ్ళీ రాశాను.

ఐదు నలభైకి నీటి ఫోన్ మోగింది.

"30 అందాయి. 4:52. తడిసినా చెల్లుతాయి."

నేను పైకి చదివాను. అర్థం కానట్టు మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. అప్పుడు ఆ చిన్న గదిలో ముప్పైమందిమీ ఒక్కసారి అరిచాం. ప్రభంజన్ గారు మొహం చేతుల్లో పెట్టుకుని భుజాలు కుదుపుతూ ఏడ్చారు. నేను కీబోర్డు మీద వేళ్ళు పెట్టాను గానీ, అడగాల్సింది అడగడానికి భయమేసింది. ఇంతలో ఫోన్ మళ్ళీ మోగింది.

"అప్పలకొండ బతికే ఉన్నాడు. హేమలత."

ఎర్రయ్య నా దగ్గరికి వచ్చాడు. నా చేతిలోని ఖాళీ సున్నం డబ్బా తీసుకుని మోసుకెళ్ళాడు.

191వ రోజు, పైన

షిఫ్టు ముగిసి, ఓడ దించిన పెద్ద గదిలో తొమ్మిది రోజులు ఎక్కి, అందరం పైకి వచ్చాం. ఇది గాలి గది పుస్తకం కాదు. ఆసుపత్రి ఎదురు షాపులో కొన్న నోటుబుక్కు.

ముందు హేమలతని కలిశాను. నలభై దాటిన సన్నటి మనిషి. రోగి కోసం బయల్దేరిన పడవ ఎక్కి, వాంతులు చేసుకుంటూ వచ్చి, లిఫ్ట్ తలుపు దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుని ముప్పై కాగితాల మీద ముద్ర కొట్టిందట. ఆఫీసు ఆమెని ఖాతాల నుంచి తీసేసి స్టోర్స్‌లో వేసింది. మిగతా గనుల్లో చాలామంది జవాబే ఇవ్వలేదు. వాళ్ళవన్నీ కలిసిపోయాయి. ఆమెదీ కలిసిపోయింది.

"భయం వేయలేదా అమ్మా?" అని అడిగాను.

"వేసింది. ఫోన్‌లో వస్తానని చెప్తే రికార్డవుతుందని జవాబివ్వలేదు. మిమ్మల్ని మూడు రోజులు ఏడిపించాను, ఏమనుకోకండి," అంది.

తర్వాత కొండన్న దగ్గరికి. ఎడమ ఊపిరితిత్తి తీసేశారు. ముక్కుకి గొట్టం. మంచం పక్కన చిన్నమ్ములు. వేళ్ళతో తడుముకుంటూ బత్తాయి తొనలు ఒలిచి అతని అరచేతిలో పెడుతోంది. కలిపేసిన ఖాతా కాగితాలు వచ్చాయట. నామినీ పేరు ఆమెకి ఐదుసార్లు చదివి వినిపించాడట.

"డాక్టరు రెండేళ్ళంటన్నాడు. మూడు కూడా అవ్వొచ్చంట," అన్నాడు. "తిట్టినాను కదా ఆ రోజు. నువ్వు ఆపకపోతే ఈ రెండూ లేవు."

"నువ్వు వెళ్ళకపోతే అరవై తర్వాత మా నలభై ఐదూ లేవు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నలభై ఐదేళ్ళు. కూకోబెట్టి డబ్బులిత్తారు. ఏటి సేత్తావే అన్నేళ్ళు?"

నవ్వబోయాను. కానీ అతను నవ్వడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. ఇరవై నాలుగేళ్ళు లోతుకి దిగుతూ ఎక్కుతూ గడిపాను. ఇన్నాళ్ళుగా ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. చిన్నమ్ములు తొన ఒలవడం ఆపి నా వైపు ముఖం తిప్పింది.

ఆసుపత్రి నర్సు వచ్చి టైమైపోయింది లేవమంది.

"రేపొచ్చి సెప్పు," అన్నాడు కొండన్న.

వస్తానన్నాను. ఆసుపత్రి బయటికి వచ్చి గంటయింది, నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. రేపు పదింటికి వెళ్ళాలి. ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.